గుండెకు హాజరు

3 ఆగస్టు 1989

యాభై ఎనిమిది.

పూర్తి నిమిషం లెక్కపెట్టాను. టీ తాగకముందు, కుర్చీలో కూర్చోబెట్టి, మణికట్టు మీద మూడు వేళ్లు పెట్టి... డాక్టరమ్మ నేర్పినట్టే. ఆయనకు ఇదంతా నవ్వులాట. "బడిపిల్లలు సాలలేదా సుగుణా, నా గుండెకు గూడ హాజరు తీస్తున్నవ్?" అంటాడు. నవ్వితే చేయి కదులుతుంది. చేయి కదిలితే లెక్క తప్పుతుంది. మళ్ళీ ఒకటి నుంచి. గని సైరన్ మోగేదాకా ఇదే తంతు.

నిన్న సాయంత్రం గోలీ వేసుకోలేదట. "యాది మర్చిన. ఇప్పుడు రెండు ఏసుకుంట తియ్" అని పొట్లంలోంచి రెండు తీశాడు. ఒకటి చేతిలోంచి లాక్కున్నాను. మరిచింది మరిచిందే, రెండు కలిపి మింగకూడదని ఆమె మూడు నెలల నుంచి చెప్తోంది. గోడకు చెప్పుకున్నా కాస్త ఫలితం ఉండేది.

5 ఆగస్టు

కంపెనీ ఆసుపత్రి. రెండు గంటలు లైను. బడికి పూట సెలవు దండుగ.

డాక్టరమ్మ చిన్నపిల్ల, కృష్ణా జిల్లా నుంచి కొత్తగా వచ్చింది. ఆమె చెప్పింది ఈయనకు నేను చెప్పాలి, ఈయన చెప్పింది ఆమెకు నేను చెప్పాలి. ఇద్దరూ మాట్లాడేది తెలుగే!

గోలీ ఏం చేస్తుందో ఇవాళ బాగా చెప్పింది. మరిచిపోకముందే రాసుకుంటున్నాను. ఒంట్లో ఒక రసం ఊరుతుందట. భయం వేసినా, కోపం వచ్చినా, గనిలో ఏటవాలు ఎక్కినా అది గుండె దగ్గరికి పోయి "ఉరుకు, ఉరుకు" అని అరుస్తుందట. ఈ గోలీ గుండె చెవుల్లో దూది పెడుతుంది. అరుపు సరిగ్గా వినబడదు కాబట్టి గుండె తొందరపడదు, మెల్లగా, తక్కువ జోరుతో కొట్టుకుంటుంది. పని తగ్గితే దానికి కావలసిన నెత్తురూ తగ్గుతుంది. అందుకే ఏటవాలు ఎక్కేటప్పుడు రొమ్ము పట్టేసినట్టు ఉండటం పోయింది. బీపీ కూడా దిగింది.

"మరి చేతులు సల్లగైతున్నయ్. కాళ్లల్ల సత్తువ లేదు. పిచ్చి పిచ్చి కలలొస్తున్నయ్" అన్నాడు. అవన్నీ గోలీ వల్లే, బాధ ఎక్కువైతే మోతాదు మారుస్తాను, మందు మారుస్తాను, మీ అంతట మీరు మాత్రం ఆపకండి అంది. ఇంకొక సంగతి కూడా అడగబోయాడు. నన్ను చూశాడు, ఆమెను చూశాడు, చెవి గోక్కున్నాడు, ఊరుకున్నాడు. నాకు అర్థమైంది. అది మాత్రం నేను తర్జుమా చేయలేదు. చేయాల్సిందేమో... ఆడపిల్ల ముందు ఎట్లా?

నాడి యాభై కిందికి దిగినా, కళ్లు తిరిగినా వెంటనే రమ్మంది. ఇంట్లో ఎవరికైనా ఉబ్బసం ఉందా, ఈ గోలీ వాళ్ల చేతికి అందనివ్వకండి, ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి అంది. మా ఇంట్లో ఎవరికీ లేదన్నాను.

6 ఆగస్టు

అరవై. చేతులు మంచు.

9 ఆగస్టు

ఈ కాలనీలో క్వార్టర్‌కు క్వార్టర్‌కు గోడ ఉంది కానీ మందులకు లేదు. కంపెనీ ఊరికే ఇచ్చే గోలీలు కదా! తలనొప్పిది ఆ ఇంటికి, జ్వరానిది ఈ ఇంటికి. పెరుగు తోడు అడిగినంత సులువుగా అడుగుతారు.

ఇవాళ పక్కింటి రాజవ్వ గోడ మీదినుంచి: "సుగుణా, లింగయ్యకు గుండెకు మంచి గోలీ ఇచ్చిన్రటగద. నాకు గూడ దడదడ కొట్టుకుంటున్నది. ఒకటియ్యరాదు బిడ్డా."

ఆమెది దమ్ము రోగం, డాక్టరమ్మ అడిగిన ఉబ్బసమే. చలికాలం వస్తే ఆమె గొంతులో పిల్లికూతలు మా వంటింట్లోకి వినబడతాయి. నీకు ఇది పడదు అత్తా, ఊపిరి ఆగుతుంది అని చెప్పాను.

"దమ్ము రొమ్ములుంటది. నేనడిగేది గుండెకు."

ఏమని చెప్పను! ఇవ్వనన్నాను. "ఒక్క గోలికి గింత పిసినారివైతివా" అని మొహం తిప్పుకుని పోయింది. మా శ్రీను పుట్టినప్పుడు నెల దాటేదాకా నీళ్లు పోసిన చేయి ఆమెది. లేదనడానికి నాకు మాత్రం బాగుంటుందా? మంచి చెప్పి చెడ్డదాన్నయ్యాను.

14 ఆగస్టు

ఓదెలు వచ్చాడు. ఈయనా ఆయనా ఇరవై ఏళ్లు ఒకే హాలేజీ మీద పనిచేశారు, బొగ్గు టబ్బులను ఇనుపతాడుతో లాగే ఇంజను మీద. పోయినేడు ఓదెలును మెడికల్ అన్‌ఫిట్ చేశారు, కొడుకు ఆ కొలువులో చేరాడు. అప్పటినుంచి కాలనీకంతా సలహాదారు.

నేను టీ తెచ్చేసరికి ఇద్దరూ వానల గురించి మాట్లాడుకుంటున్నారు. వానల గురించి అంత గుసగుసగా ఎవరు మాట్లాడతారు?

16 ఆగస్టు

అనుకున్నంతా అయింది.

సెప్టెంబరు పన్నెండున మెడికల్ బోర్డుట. ఈయన పేరు ఇచ్చి వచ్చాడు, నాకు ఒక్క ముక్క చెప్పకుండా! అన్‌ఫిట్ అయితే కొలువు శ్రీనుకు. అన్‌ఫిట్ కావాలంటే ఆ రోజు బీపీ పైకి పోవాలి. దానికి ఓదెలు చెప్పిన చదువు: గోలీలు బంద్ పెట్టాలి, మామిడికాయ తొక్కు దండిగా తినాలి, ఆసుపత్రి మెట్లు ఉరికి ఎక్కాలి. ఇరవై ఏళ్లు ఇంజను నడిపిన మనిషి, ఈ మాటలు విని తలూపి వచ్చాడు.

"పోరనికి వయసు దాటిపోతది. నా సర్వీసు గూడ ఒడిసిపోతది. సర్వీసు మిగిలున్నప్పుడే అన్‌ఫిట్ గావాలె. రేపు ఎవ్వలియ్యరు నౌకరి."

నీ ప్రాణం మీదికి వస్తే అన్నాను.

"సర్వీసుల సస్తె గూడ కొలువొస్తది గదనే."

నవ్వుతూ అన్నాడు. చేతిలో గరిటె ఉంది. విసిరాను. తగల్లేదు. తగలాల్సింది.

17 ఆగస్టు

ఈయన మళ్ళీ కొలువు మాట ఎత్తేసరికి శ్రీను పళ్లెం ముందు నుంచి లేచాడు. మంచిర్యాలలో రేడియో, టీవీలు బాగుచేసే దుకాణంలో పని నేర్చుకుంటున్నాడు, వేళ్ల నిండా సీసం కాల్చిన మచ్చలు. గుమ్మం దగ్గర ఒక్కటే అన్నాడు.

"నన్నెవలన్న అడిగిన్రా?"

ఆయన: "ఏమడగాలె? రేడియోలు తిప్పుకుంట బతుకుతడా?"

నేను ఎవరివైపూ మాట్లాడలేదు. నన్నూ ఎవరూ అడగలేదు కదా.

21 ఆగస్టు

మళ్ళీ పూట సెలవు. హెడ్మాస్టరు గుర్రుగా చూశాడు. ఒంటరిగా డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి పేరు చెప్పకుండా అడిగాను: ఎవరైనా ఈ గోలీ ఒక్కసారిగా ఆపితే ఏమవుతుంది?

ఆమె పెన్ను కింద పెట్టేసింది. "ఎవరు, మీ ఆయనేనా?"

అబద్ధం చెప్పడం నాకు చేతకాదు. బోర్డు సంగతి కూడా చెప్పేశాను.

ఇన్నాళ్లు చెవుల్లో దూది ఉంది కదా, అరుపు వినబడక గుండె కొత్త చెవులు మొలిపించుకుంటుందట. ఇప్పుడు దూది ఒక్కసారిగా లాగేస్తే పాత చెవులు, కొత్త చెవులు, అన్నింట్లోనూ ఆ అరుపు పడుతుంది. రొమ్ములో నొప్పి ముందుకంటే గట్టిగా తిరగబడుతుంది, గుండెపోటు కూడా రావచ్చు. అసలు ఆపాల్సి వస్తే వారం రెండు వారాలు కొంచెం కొంచెం తగ్గిస్తూ, తమ కళ్లముందు ఆపాలట.

"పైగా బీపీ ఎక్కువుందని బోర్డు అన్‌ఫిట్ చేస్తుందని ఎవరు చెప్పారండీ? మందు రాసిచ్చి మళ్ళీ రమ్మంటుంది, అంతే!"

అంటే ప్రాణం ఒడ్డినా దక్కేది ఏమీ లేదు. వింటే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

22 ఆగస్టు

చెవులూ దూదీ చెప్తే ఈయన వినడని ఇంజను భాషలో అడిగాను. దిగుడు మీద నిండు టబ్బులు పోతున్నప్పుడు బ్రేకు ఒక్కసారే వదులుతావా?

"ఎట్లిడుస్తరే? టబ్బులు దొర్లిపోయి కింద మనుషుల మీద వడ్తయ్. మెల్లగిడ్వాలె."

మరి నీ గుండెకు?

తంబాకు డబ్బా తీశాడు, మూత తిప్పాడు. తర్వాత: "సరె తియ్. ఏసుకుంట."

ఇరవై అయిదేళ్ల కాపురంలో నా మాట మొదటిసారికే వినడం ఇదే. పొంగిపోయి బచ్చలికూర పప్పు చేశాను, ఆయనకిష్టమని.

24 ఆగస్టు

అరవై.

26 ఆగస్టు

అరవై ఎనిమిది. చేతులు వెచ్చగా ఉన్నాయి ఇవాళ. ఒంటికి అలవాటైనట్టుంది, హమ్మయ్య.

28 ఆగస్టు

డెబ్భై ఆరు. నేనే తప్పు లెక్కపెట్టానేమో. మళ్ళీ పెట్టాను. డెబ్భై ఏడు.

"పొద్దుగాల లేచి పెరట్ల గడ్డి పీకిన. గందుకె."

పొట్లం చూశాను. గోలీలు రోజుకు రెండు చొప్పున సరిగ్గా తగ్గుతున్నాయి.

30 ఆగస్టు

ఎనభై రెండు. "నువ్వు పట్టుకుంటె గట్లనే కొట్టుకుంటది" అన్నాడు. ఈ వయసులో సరసం! సిగ్గుపడి నవ్వాను కూడా. రేపు డాక్టరమ్మకు చెప్పాలి.

31 ఆగస్టు

బడిలో ఇన్‌స్పెక్షన్. పోలేకపోయాను.

2 సెప్టెంబరు

రాయకపోతే ఎవరినో ఒకరిని కొట్టేటట్టున్నాను.

పొద్దున బడికి తయారవుతుంటే గోడ అవతల పిల్లికూతలు. ఎండలో, ఈ కాలంలో! వెళ్లి చూస్తే రాజవ్వ నులకమంచం పట్టె పట్టుకుని కూర్చుంది. నోరు తెరిచి ఉంది, గాలి పోవడం లేదు, పెదాలు నల్లబడ్డాయి. ఆమె కొడుకు షిఫ్టులో ఉన్నాడు. ఈయన సెకండ్ షిఫ్టు కాబట్టి ఇంట్లోనే. బండి కోసం ఆగలేదు, ఈయనా మరో ముగ్గురూ మంచంతో సహా ఎత్తుకుని ఆసుపత్రిదాకా ఉరికారు. ముందు కోడు ఈయన పట్టుకున్నాడు. నేను వెనక, చెప్పులు లేకుండా.

ఆక్సిజన్ పెట్టారు, సూదులు వేశారు. డాక్టరమ్మ అడుగుతోంది, "ఏం వేసుకున్నావమ్మా? కొత్తగా ఏమైనా మింగావా?" రాజవ్వకు మాట రావడం లేదు. కొంగు ముడి చూపింది. విప్పాను. కాగితం మడత, అందులో మూడు గోలీలు.

ఆ గోలీలు నాకు తెలుసు. ఆ కాగితమూ తెలుసు. నా బడి పిల్లల కాపీ పుస్తకంలోది, ఎర్ర సిరాతో నేను దిద్దిన రెండో ఎక్కం.

ఈయన కోసం వెనక్కి తిరిగాను. వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది. పిడికిలి రొమ్ము మీద.

"ఏం గాలే... జర గాలాడుతలేదు."

ఆడవాళ్ల వార్డులో ఆమె, మగవాళ్ల వార్డులో ఈయన. ఆ గోలీ వేసుకున్నందుకు ఆమె, వేసుకోనందుకు ఈయన. నడుమ వరండాలో నేను అటు నాలుగు అడుగులు, ఇటు నాలుగు అడుగులు.

3 సెప్టెంబరు

ఈసీజీ తీశారు. గుండెపోటే. చిన్నదే అంటున్నారు, కొంత భాగం దెబ్బతిందట. చిన్నదట!

నొప్పి తగ్గాక నిజం కక్కించాను.

"ఎప్పటి సంది?"

"పది దినాలాయె."

నేను బచ్చలికూర పప్పు వండిన మర్నాటి నుంచి! నా ముందు నోట్లో వేసుకోవడం, నేను అటు తిరగ్గానే ఉమ్మి తంబాకు డబ్బాలో వేయడం, నోట్లోకి పోకుండానే గుప్పిట్లో దాయడం. రెండు రోజులుగా రొమ్ములో పట్టేసినట్టు ఉంటోందట కూడా. చెప్పలేదు.

"రాజవ్వకు ఎందుకిచ్చినవ్?"

"మొన్న సాయంత్రం గోడ కాడ మస్తు బతిమిలాడింది. మంచియే ఇచ్చిన, ఎంగిలియి ఇయ్యలే. కంపెనీ మందు, పారేస్తె పాపం గదా సుగుణా."

పాపమట. ఆమె నిన్న రాత్రికి పోయి ఉంటే ఏ లెక్కలో వేసుకునేవాడు దాన్ని?

డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, "మీరు చదువుకున్నవారు, మీరైనా చూసుకోవాలి కదండీ" అంది. రోజూ పొద్దున్నే నాడి లెక్కపెట్టే నన్ను! డెబ్భై ఆరు చూశాను, ఎనభై రెండు చూశాను, చేతులు వెచ్చబడ్డాయని సంతోషపడ్డాను కూడా. చల్లని చేయి అంటే గోలీ పనిచేస్తోందని ఆమె ముందే చెప్పింది కదా. ఒళ్లు మండిపోయింది. ఆమె మీద కాదు.

6 సెప్టెంబరు

రాజవ్వను ఇంటికి పంపారు. పోతూ మంచం దగ్గరికి వచ్చి ఈయనను తిట్టింది, నన్నూ తిట్టింది. "నీ మొగడే ఇచ్చిండు, నేనేమన్న దొంగిలిచ్చిన్నా?" తర్వాత ఈయన తల మీద చేయి పెట్టి కాసేపు నిలబడింది. నేను కిటికీ వైపు చూశాను.

గోలీ మళ్ళీ మొదలుపెట్టారు, తక్కువ నుంచి పెంచుతూ. ప్రతిసారీ మింగాక నోరు తెరిపించి, నాలుక ఎత్తించి చూస్తున్నాను, బడిలో పిల్లలకు నులిపురుగుల మందు వేసేటప్పుడు చూసినట్టు. పక్క మంచాల వాళ్లు నవ్వుతున్నారు. నవ్వనీ.

12 సెప్టెంబరు

ఇవాళ బోర్డు. ఈయన మంచం మీద.

ఓదెలు బత్తాయిలు పట్టుకుని వచ్చాడు. నేను పలకలేదు. తిరిగిపోతాడనుకుంటే ఈయన చెవి దగ్గర వంగి, "ఫికర్ జెయ్యకే లింగన్నా. ఇప్పుడు నీ పని అయినట్టే" అన్నాడు. బత్తాయిలు మొత్తం ఆయా చేతిలో పెట్టి పంపేశాను.

14 సెప్టెంబరు

ఇది రాయడానికే ఇంతసేపు కూర్చున్నాను.

ఓదెలు భార్య కుళాయి దగ్గర కలిసింది. మొహం చూపలేక ఇన్నాళ్లు తప్పించుకుందట. "అక్కా, నీకు చెప్పకపోతె నాకు అన్నం వోతలేదు. మా ఆయనను బీపీతోని అన్‌ఫిట్ జెయ్యలే. కండ్లు పోయినయ్. ఎడమ కన్ను అసలే ఆనది, కుడిది సగం. నలుగుట్ల చెప్పుకుంటె గుడ్డోడంటరని గోలీల కథ జెప్పిండు."

అంటే గోలీలు ఆపి గట్టెక్కిన మనిషి ఈ కాలనీలో ఒక్కడూ లేడు. సిగ్గు దాచుకోవడానికి ఒకడు కథ అల్లాడు. ఆ కథ నమ్మి నా మొగుడు గుండె పాడు చేసుకున్నాడు.

సాయంత్రం ఈయనకు చెప్పాను. "నాకు గూడ చెప్పలేదు సూడు వాడు" అన్నాడు. అదీ ఈయన బాధ! తన గుండె గురించి కాదు.

నేను కోప్పడలేదు. ఓపిక అయిపోయింది.

19 సెప్టెంబరు

ఇంటికి తెచ్చాం.

డాక్టరమ్మ చెప్పినవి వంటింటి తలుపు మీద సుద్దతో రాశాను. పొట్లం అయిపోయేదాకా ఆగకుండా వారం ముందే కొత్తది తెచ్చుకోవాలి. ఏ డాక్టరు దగ్గరికి పోయినా, పన్ను పీకించుకోవడానికి పోయినా సరే, ఈ గోలీ వాడుతున్నామని ముందు చెప్పాలి. గభాలున లేవకూడదు. ఎవరికీ ఇవ్వకూడదు. చివరిది పెద్ద అక్షరాలతో రాశాను, గోడ అవతలికి కూడా కనబడేటట్టు.

ఆ రోజు తర్జుమా చేయని సంగతి కూడా నేనే ఆమెకు చెప్పేశాను. ఆమె మామూలుగా వింది. అది కూడా ఈ గోలీతో కొందరికి ఉంటుందట, అడిగితే మార్గం ఉంటుందట. ఇంత చిన్న సంగతి. "గోలీలు తింటె మొగోడు మొగోడుగాడు" అని కూడా ఓదెలు చెప్పాడట. ఈయన ఆపడానికి అదీ ఒక కారణమని ఇవాళే బయటపడింది. ఆ రోజే నేను నోరు తెరిచి ఉంటే...

21 సెప్టెంబరు

యాభై తొమ్మిది. చేతులు చల్లగా. హాయి.

25 సెప్టెంబరు

బోర్డు ముందుకు తీసుకెళ్లాం. కాగితాలు చూశారు, ఈయనను చూశారు. అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఒక్క ప్రశ్న కూడా బీపీ గురించి కాదు.

28 సెప్టెంబరు

కాగితం వచ్చింది. అన్‌ఫిట్.

రేపు పెత్రమాస, బతుకమ్మ మొదలు. వాడంతా ఆడపిల్లలు తంగేడు పువ్వు కోసం తిరుగుతున్నారు. ఈయన ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టాడు. చిన్నపిల్లవాడికి బహుమతి వచ్చినట్టు మొహం. "సూసినవా? అయిందా లేదా?" అంటాడు.

అయింది. నిజంగానే గుండె పాడుచేసుకుని అయింది. ఓదెలు కథ అబద్ధమైతేనేం, ఈయన నిజం చేసి చూపించాడు.

దానికి ఇంకో కాగితం జత చేసి ఉంది. కొడుక్కి కొలువు ఇవ్వడానికి భార్యకు అభ్యంతరం లేదని. కింద గీత, గీత మీద నేను సంతకం పెట్టాలి.

30 సెప్టెంబరు

శ్రీనును అడిగాను, ఒక్కడే ఉన్నప్పుడు. ఈ ఇంట్లో ఒకరైనా అడగాలి కదా.

విప్పిన రేడియో ముందు పెట్టుకుని తలెత్తకుండా అన్నాడు. "నాకు గనిల దిగబుద్ధి గాదవ్వా. బాపు గుండె వెట్టి తెచ్చిండు. ఎట్ల వద్దంట? నువ్వు సంతకం వెడితె పోతా."

నా మీద పెట్టాడు. తండ్రికి తగ్గ కొడుకు. తండ్రి అడగకుండా చేశాడు, కొడుకు అడిగితే నీ ఇష్టం అన్నాడు.

సంతకం పెడితే వాడు దిగుతాడు. అదే ఏటవాలు, అదే టబ్బులు, ఇరవై ఏళ్ల తర్వాత అదే గోలీ. పెట్టకపోతే ఈయన గుండె ఉత్త పుణ్యానికి పోయినట్టే, ఆ మాట ఈయన ముందు అనే ధైర్యం నాకు లేదు. ఎవరి మీద అరవాలో కూడా తెలియడం లేదు.

2 అక్టోబరు

బడికి సెలవు. యాభై ఏడు. రాజవ్వ గోడ మీదినుంచి, "సంతకం వెట్టినవా బిడ్డా" అంది. కాలనీ అంతటికీ తెలుసు. గోలీలే కాదు, ఏదీ ఆగదు ఈ గోడ దగ్గర.

4 అక్టోబరు

పొద్దున. కుర్చీ, మణికట్టు, మూడు వేళ్లు, గడియారం. కాగితం బల్ల మీద ఉంది. పెన్ను కూడా తెచ్చి పెట్టాడు, మూత తీసి.

పన్నెండు, పదమూడు, పద్నాలుగు...

"సుగుణా, ఇయ్యాల ఆఖరి దినం. పెడ్తవా?"

మాట్లాడకు, లెక్క తప్పుతుంది అన్నాను.

ఊరుకున్నాడు. మొదటిసారి బుద్ధిగా, కదలకుండా కూర్చున్నాడు. వేళ్ల కింద మెల్లగా, సమంగా కొట్టుకుంటోంది. చల్లని చేయి. యాభై ఆరు, యాభై ఏడు... నిమిషం అయిపోయింది. నేను వదల్లేదు. వదిలితే మళ్ళీ అడుగుతాడు. అరవై, అరవై ఒకటి, అరవై రెండు... గని సైరన్ మోగింది. డెబ్భై. ఇంకా లెక్కపెడుతూనే ఉన్నాను.